శాలువా కప్పి ఇచ్చిన మాట

మా తెలుగు సంఘం అధ్యక్షుడికి ఈ విషయం మీద మూడు ఈమెయిళ్లు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. గుడి పార్కింగులో ఎదురుపడితే "చూద్దాం అంకుల్" అని కారెక్కేశాడు. నాకంటే ఆరేళ్లే చిన్న. అంకుల్ అన్నది మాత్రం గుర్తు పెట్టుకున్నాను. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

పారమట్టాలో ఒక క్లబ్బులో నెలకో ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ బ్లూస్, జాజ్ పాడుతుంది. డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు సహకరించక ఎత్తు స్టూలు మీద కూర్చునే పాడుతుంది. వెనక పియానో, బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురూ దాదాపు ఆవిడ వయసువాళ్లే. ఆఫీసులో ఒకాయన తను వెళ్లలేక టికెట్లు ఇస్తే, పారేయడం ఇష్టం లేక మా ఆవిడని తీసుకుని మేముండే క్వేకర్స్ హిల్‌లో ట్రైనెక్కాను. అప్పటికి జాజ్ అంటే ఏమిటో నాకు తెలియదు.

రెండో పాట లాన్ మోవర్ గురించి, అదే గడ్డి కోసే మిషను. ఇంటాయన మోవర్ పాతబడింది. తాడు ఎన్నిసార్లు లాగినా గుర్రుమంటుంది తప్ప స్టార్టవదు. పెరట్లో గడ్డేమో నడుం దాకా పెరిగింది. పక్కింటాయన మోవర్ మాత్రం ఒక్క లాగుకే... అక్కడ ఆపేస్తుంది. ఆ మాట అనదు. డ్రమ్స్ ఆయన ఒక్క దెబ్బ వేస్తాడు. ముందు వరుసలో పడీ పడీ నవ్వుతున్న బట్టతలాయన్ని చూసి, "నువ్వు నవ్వుతున్నావు, పక్కన మీ ఆవిడ నవ్వట్లేదు చూసుకో" అంది.

మా ఆవిడ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, అచ్చం మా అమ్మమ్మలా ఉందండీ అంది. నిజమే. మా వైపు పెళ్లిళ్లలో మగపెళ్లివారు బంతికి కూర్చుంటే ముసలమ్మలు వియ్యంకుడి మీద పాడే పాటల్లో ఇంతకంటే ఘాటు ఉండేది. ఆయన విస్తట్లోంచి తలెత్తేవాడు కాదు. పాడకపోతే మాత్రం మర్యాద తక్కువైందని అలిగేవాడు.

అయితే ఆవిడ గొప్ప ఒక్క మోటు మాటల్లోనే లేదు. నవ్వించి నవ్వించి, మనం ఊపిరి తీసుకునేలోపు పోయిన మొగుడి మీద ఒక పాట ఎత్తుకుంటుంది. గొంతు ఇప్పుడు పై స్థాయికి వెళ్లదు. వెళ్లని చోట మామూలుగా మాట్లాడినట్టు చెప్పేస్తుంది. హాల్లో గ్లాసు చప్పుడు కూడా ఉండదు. ముందు అంతగా నవ్వకపోతే ఆ పాట అంత లోతుకి దిగదని నాలుగైదుసార్లు వెళ్లాక అర్థమైంది.

మనకి ఒకరి విద్య నచ్చితే శాలువా కప్పడమే తెలుసు. సంఘంలో పదకొండేళ్లు కుర్చీలు వేసి, స్పీకర్లు మోసినందుకు నాకు కప్పింది ఒకటి బీరువాలో ఉంది. ఆ రోజు మైకులో నా పేరు తప్పు చదివారు, అది వేరే సంగతి. ఒక ఆదివారం ఆ శాలువా తీసుకెళ్లి, రెండు పాటల మధ్య స్టేజీ ఎక్కి, ఆవిడ భుజాల మీద కప్పి దండం పెట్టాను. ఆవిడ అంచు తడిమి చూసి, మైకులోనే అంది:

"దుప్పటి బాగుంది. మంచమేదయ్యా?"

హాలంతా గొల్లుమంది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఈ దేశం వచ్చిన పద్దెనిమిదేళ్లలో స్టేజీ మీద నుంచి నన్ను సరిగ్గా చూసి మాట్లాడిన మనిషి ఆవిడే. ఆ ఊపులో మైకు అందుకుని, మా సంఘం వార్షికోత్సవానికి మిమ్మల్ని పిలిచి పాడిస్తామన్నాను. అలా అనే అధికారం నాకు లేదు. ఒప్పుకుంటాను. కానీ అన్నాను.

మా ఆవిడ తీసిన వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో తీసేయమన్నారు. సంఘం శాలువాకి అవమానం అన్నారొకరు. పిల్లలుండే గ్రూపు అన్నారింకొకరు. ఉగాదికి ఎనిమిదేళ్ల పిల్లల చేత ఐటమ్ సాంగుకి నడుం తిప్పించి ఈలలు వేసింది ఈ కమిటీయే. ఆ పిల్లలకి పాటలో తెలుగు అర్థం కాదు కాబట్టి ఫర్వాలేదట. ఒక ముసలావిడ తన వయసు మీద తనే జోకు వేసుకుంటే మాత్రం చెడిపోతారట.

తర్వాత నెలనెలా నన్ను చూడగానే ఆవిడ మైకులోనే అడిగేది, మీవాళ్లు ఎప్పుడు పిలుస్తారయ్యా, నేనేమీ చిన్నదాన్ని అవట్లేదు అని. త్వరలో అనేవాణ్ణి. పోయిన నెల అడగలేదు. నావైపు చూసి, పియానో ఆయనకి తలూపి పాట మొదలుపెట్టింది. ఈ చలికాలం దాటాక ఇక పాడనని కూడా ఆ రోజే అందరికీ చెప్పింది.

వాళ్లు పిలవరు, ఆవిడకి ఆ మాట చెప్పేసి రండి అంటుంది మా ఆవిడ. వాళ్ల నోట కాదని వినకుండా నేనెందుకు చెప్పాలి?

అధ్యక్షుల వారూ, వచ్చే ఆదివారం నేను మళ్లీ ముందు వరుసలోనే కూర్చుంటాను. నేను అడిగేది వార్షికోత్సవంలో ఇరవై నిమిషాలు. ఏ పాట వద్దో మీరే వచ్చి ఆవిడకి చెప్పుకోండి. పిలుస్తారో లేదో శనివారంలోగా నాకు రాసి పంపండి. లేదు అనే అయితే, అది ఆవిడకి చదివి వినిపించాల్సింది నేను కాబట్టి, కింద మీ పేరు పెట్టి పంపండి.