ఆరున్నరకి తడిసే సబ్బు

ఆయనకి అసలు పేరు ఒకటి ఉండేది, కానీ దుకాణం అద్దెకిచ్చినాయనకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరంతా నురగ మాస్టారనే పిలిచేది. గిన్నెలో ఆయన కలిపిన నురగ మీద ఈగ వాలితే మళ్ళీ లేచేది కాదనీ, ఒకసారి ఎవరిదో కళ్ళజోడు అందులో పడిపోతే సాయంత్రం దాకా దొరకలేదనీ చెప్పుకునేవారు. కళ్ళజోడు సంగతి నమ్మనక్కర్లేదు. ఈగ సంగతి మాత్రం నిజం.

ఇంటికి ముందుగదే దుకాణం. రెండు కుర్చీలు, గోడంత అద్దం, కత్తి పదును పెట్టుకునే తోలు పట్టీ, ఒక అల్మారా. రోజూ వచ్చేవాళ్ళకి ఆ అల్మారాలో ఎవరి గిన్నె వాళ్ళకుండేది, ఎవరి బ్రష్షు వాళ్ళకుండేది. పిల్లల జుట్టూ ఆడవాళ్ళ జుట్టూ కత్తిరించడం కూతురి పని. గడ్డాలు మాస్టారివి.

ఆ ఊరి నీళ్ళు ఉప్పనీళ్ళు. వాటిలో ఏ సబ్బూ ఓ పట్టాన నురగ కట్టదు. అందమైన డబ్బాల్లో వచ్చే క్రీములు మూత తీస్తే పెళ్ళివారింటి వాసన వేసేవి, బ్రష్షు పెడితే నీరుగారిపోయేవి. పైగా రోజూ గీయించుకునే గుమాస్తాలకీ బస్సు డ్రైవర్లకీ అవి అందే సరుకు కాదు. అందుకని చవగ్గా దొరికే మంచి సబ్బు కోసం మాస్టారు ముప్ఫై ఏళ్ళు తిరిగాడు. సెలవు రోజొస్తే చాలు, సబ్బుల కార్ఖానా వెనక గుమ్మం దగ్గర అంచుముక్కల కోసం నిలబడేవాడు. మందుల షాపువాడి అటకెక్కి, చీటీ వెలిసిపోయిన పాత ట్యూబులు దింపేవాడు. ఒక సబ్బు బట్టలుతకడానికి పుట్టి దారితప్పి వచ్చినట్టుండేది. ఇంకోటి చెంప మీద రాసీ రాయకముందే ఎండిపోయి పొలుసులు లేచేది.

కొత్త సబ్బు తెస్తే ముందు తన చెయ్యి మీదే పరీక్ష. బ్రష్షు నానబెట్టి, విదిలించి, సబ్బు మీద ముప్ఫై చుట్లు తిప్పి, నీళ్ళు బొట్టు బొట్టుగా కలుపుకుంటూ నురగ తీసేవాడు. దాన్ని మణికట్టు మీద పెట్టుకుని కత్తి పదును పెట్టేవాడు. పదును పూర్తయ్యేదాకా నురగ తడిగా మెరుస్తూ ఉంటే, అప్పుడది కంపోజిటరు గారి ముఖానికి వెళ్ళేది.

కంపోజిటరు గారంటే అచ్చాఫీసులో నలభై ఏళ్ళు సీసం అక్షరాలు ఏరి రిటైరైన పెద్దమనిషి. గడ్డం ఇనపతీగ, చర్మం మాత్రం పసిపిల్లాడిది. ఆ ముఖానికి పడిన సబ్బు ఊళ్ళో ఎవరికైనా పడేది. తలుపులు తీయకముందే, సరిగ్గా ఆరున్నరకి, పక్కగుమ్మంలోంచి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. గడ్డం గీశాక మాస్టారు ఎంత బతిమాలినా ఆ రోజు తీర్పు చెప్పేవాడు కాదు.

"ముఖం కూడా రాత్రంతా ఆలోచించుకోవాలి కదోయ్. రేపు చెప్తాను," అనేవాడు.

మర్నాడు కుర్చీలో కూర్చుని ఒక్క మాట. "గాలి" అంటే ఆ సబ్బు చెత్తబుట్టలోకి. "సున్నం" అంటే అమ్మినవాడి ముఖాన. "పర్లేదు" అంటే మాస్టారికి ఆ రోజు పండగ. "బాగుంది" అని ముప్ఫై ఏళ్ళలో రెండే సార్లు అన్నాడు. ఆ రెండు సబ్బులూ తయారుచేసేవాళ్ళు మానేశారు.

ఆఖరిసారి మాస్టారు తెచ్చింది, కార్ఖానాలో పని మానేసిన ఒకావిడ పెరట్లో డేగిసాలో కాచిన సబ్బు. ఇటుకలా ఉంది. పేరు లేదు, చీటీ లేదు, వాసన కూడా లేదు. నురగ తీస్తే మాత్రం బ్రష్షుతో పాటు గిన్నె కూడా పైకి లేచింది. కంపోజిటరు గారికి రాస్తే, ఎప్పుడూ వాగుతూ ఉండేవాడు కళ్ళు మూసుకుని ఊరుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి చెంప రెండుసార్లు నిమురుకున్నాడు.

"ఏమంటారు గురువుగారూ?"

"తొందరేంటోయ్. రేపు చెప్తాను."

ఆ సాయంత్రం పడక్కుర్చీలో పేపరు చదువుతూ, చదువుతూనే పోయాడు.

పదిహేను రోజులు గడిచాయి. ఒక పొద్దున ఏడింటికి మాస్టారు తలుపులు తీసి అల్మారా వైపు చూస్తే, కంపోజిటరు గారి గిన్నెలో నురగ ఉంది. వేలు పెట్టి చూశాడు. ఇంకా వెచ్చగా ఉంది. బ్రష్షు కొసనుంచి నీటిచుక్క ఒకటి అరమీద పడింది. మర్నాడూ అంతే. ఇటుకలాంటి సబ్బు మధ్యలో చిన్న గుంట పడింది.

పక్క దుకాణంలో బూట్లు కుట్టేవాడు విని పగలబడి నవ్వాడు. "దెయ్యాలకి కూడా గడ్డం పెరుగుతుందేంటి బావా?"

"నవ్వకురా. వెచ్చగా ఉందంటుంటే."

"చవగ్గా మంచి సబ్బు దొరికిందంటే పోయినవాళ్ళేం ఖర్మ, నేనే వస్తాను. నాకూ ఒక గిన్నె పెట్టు."

మాస్టారు నవ్వలేదు. గిన్నెనీ సబ్బునీ సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పొద్దున్న చూస్తే తాళం వేసినట్టే ఉంది, లోపల బ్రష్షు తడిగా ఉంది. భయమేసింది. అయినా మనసులో ఒక మూల సంతోషమే. బాకీ ఉన్న ఆ ఒక్కమాట చెప్పడానికే వస్తున్నాడనుకున్నాడు. తీర్పు రాలేదని ఆ సబ్బు ఇంకెవరికీ రాయలేదు. పాత సబ్బులు అరిగి రేకులయ్యాయి, గడ్డాలు మంటలెత్తుతున్నాయని జనం సణిగారు. ఆయన మాత్రం ఖాళీ కుర్చీ వంక చూస్తూ, "చెప్పండి గురువుగారూ, ఎలా ఉంది?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఒకరోజు కాఫీ తాగుతుంటే కూతురు ఎదురుగా వచ్చి కూర్చుంది. గ్లాసు పట్టుకుందేగాని తాగడంలేదు.

"నాన్నా, ఆ గిన్నెలోకి ఎవరూ రావట్లేదు."

"నీకేం తెలుసు?"

"మూడు రోజుల్నుంచి తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆరున్నరకి నువ్వే వెళ్తున్నావు. సొరుగు తాళం తీసి, నురగ కలిపి, కుర్చీ ముందు నిలబడుతున్నావు. తర్వాత అన్నీ సర్ది, తాళం వేసి, ఇక్కడికొచ్చి కాఫీ అడుగుతున్నావు."

"నేనా?"

"పిలిచాను కూడా. వినపడలేదు నీకు."

మాస్టారు తన చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో తెల్లగా ఎండిన సబ్బు ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆరున్నరకి చేసిన పనిని ఆ చేతులు ఆయన్ని అడక్కుండానే చేసుకుపోతున్నాయి. పోయినవాడు రాలేదు. రాకపోగా, ఉన్నవాడే ఎక్కడికో వెళ్ళొస్తున్నాడు.

"సబ్బు దాకానేనా?"

కూతురు గ్లాసు కింద పెట్టింది.

"కత్తి తీశానా లేదా చెప్పవే."

"తీశావు నాన్నా. పదును పెట్టి, గాల్లోనే మొత్తం గడ్డం గీశావు. మెడ దగ్గర గడ్డం పైకెత్తి పట్టుకుంటావే, అలా ఎడంచేత్తో పట్టుకుని మరీ గీశావు."

అప్పుడు గుర్తొచ్చింది మాస్టారికి. మొన్న మంగళవారం గడ్డం గీయించుకున్న దర్జీ మెడమీద పటిక అద్దుకుంటూ, "పర్లేదులెండి మాస్టారూ, చిన్నదే," అన్నాడు. ఏది చిన్నదో అప్పుడు అర్థంకాలేదు. అద్దంలో దర్జీ చొక్కా కాలరు మీద ఎర్రటి చుక్క కనపడింది. నలభై ఏళ్ళలో ఒక్క గాటు పెట్టని మనిషి. ఆ గాటు ఎప్పుడు పడిందో, అప్పుడు తానెక్కడున్నాడో ఎంత తవ్వుకున్నా దొరకలేదు. ఆ మెడని ఎవరు పట్టుకున్నట్టు?

కాఫీ గ్లాసు పక్కకి తోసేశాడు.

బయట తలుపు తట్టారు. దర్జీయే. "మాస్టారూ, ఇవాళ కొంచెం తొందరగా పోవాలి!"

మాస్టారు ముందుగదిలోకి వెళ్ళి తలుపు తీశాడు. దర్జీ అలవాటుగా కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చి, మెడ ఆయనకి అప్పజెప్పాడు. కాలరు పైన సన్నటి గీత ఇంకా మానలేదు. మాస్టారు కత్తి తీసుకుని, మూసి, వెనకే నిలబడ్డ కూతురి చేతిలో పెట్టాడు.

"ఇదేంటి, అమ్మాయా?" దర్జీ తల ఎత్తాడు. "నేనేం చంటిపిల్లాణ్ణి కాదే."

"కదిలితే చంటిపిల్లాడికంటే నీతోనే కష్టం. కూర్చో," అన్నాడు మాస్టారు.

"ఏం, మీకేమైంది?"

"ఏమీ కాలేదు. ఇంకా కాలేదు. అందుకే."

దర్జీ అద్దంలో ఆయన ముఖం చూసి తల మళ్ళీ వెనక్కి వాల్చాడు. ఆ ఇటుక సబ్బే బయటికి తీయమన్నాడు మాస్టారు కూతురితో. ఎన్ని చుట్లో, నీళ్ళు ఎన్ని బొట్లో దూరంనుంచే చెప్పాడు. నురగ బాగా కుదిరింది. ఆ పిల్ల చెంప మీంచి కిందికి మొదటి గీత ఆగి ఆగి గీసింది. రెండోది ఆగకుండా గీసింది. మెడ దగ్గరికొచ్చేసరికి ఎడంచేత్తో గడ్డం పైకెత్తి పట్టుకుంది.

మాస్టారు అల్మారాకి ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో బిగించి పెట్టుకుని నిలబడ్డాడు. కుడిచెయ్యి లోపల చిన్నగా కదులుతోంది, కూతురి చెయ్యి ఎటు వెళ్తే అటు. ఆపుదామని ఇంకా గట్టిగా బిగించాడు. అయినా కదులుతూనే ఉంది.

దర్జీ లేచి, చెంపలు తడుముకుని, అమ్మాయికేసి తల ఊపి వెళ్ళిపోయాడు. కూతురు కత్తి కడిగి, తుడిచి, మూసి, తన ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"అయిపోయింది నాన్నా. చేతులు తియ్యి."

"నువ్వు చూస్తూ ఉంటావా?"

"ఇక్కడే ఉన్నాగా."

"అలా కాదే. వీటిని చూస్తూ ఉంటావా?"

ఆమె దగ్గరికొచ్చి ఎదురుగా నిలబడింది. "ఊఁ. చూస్తున్నాను, తియ్యి," అంది.

అప్పుడు తీశాడు.