మొన్నటి నీళ్లు

వీధిలో నీళ్లు పారబోసిన చప్పుడుకు ఇవాళ పొద్దున్నే మెలకువ వచ్చింది. ఎదురింటావిడ డ్రమ్ము వంచుతోంది. దుమ్ము మీద నీళ్లు పడిన తడి వాసన కిటికీలోంచి మంచం దాకా వచ్చింది. ఇంద్రేశంలో మా లేఅవుటుకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజున ప్రతి వాకిట్లోనూ ఇదే చప్పుడు. అది విన్నప్పుడల్లా నాకు విశాలాక్షి గారు గుర్తొస్తారు.

ఆమె నీటి సరఫరా విభాగంలో ఇంజనీరు. జలాశయంలో ఉన్న నీళ్లు వానల దాకా సరిపోతాయా, సరిపోకపోతే ఎవరికి ఎంత తగ్గించాలి అని ముందుగా అంచనా వేయడం ఆమె పని. నేనప్పుడు సంగారెడ్డి నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర క్వార్టర్లలో స్థిరపడిన కుటుంబం ఆమెది. ఆమె ఇంట్లో ఒక యాస, వీధిలో ఒక యాస మాట్లాడేవారు. రెండూ ఆమెవే.

వానలు సరిగా కురవని ఒక ఏడాది, చలికాలం పోకముందే ఆమె సరఫరాను రోజు విడిచి రోజుకు మార్చారు. నీళ్లు కళ్ల ముందు కనిపిస్తుండగానే కోత ఏమిటని అందరూ తిట్టారు. ఇప్పుడు తగ్గిస్తే వానల దాకా లాగవచ్చని ఆమె లెక్క. ఆ లెక్క తప్పింది. ఎండలు ముదరకముందే నీటిమట్టం ఆమె అనుకున్న దానికన్నా కిందికి పోయింది. అలాగే సాగితే తొలకరికి ముందే జలాశయం అడుగంటుతుంది. ఫ్యాక్టరీలు దొంగచాటుగా లాగుతున్నాయని ఊరంతా అనుకుంది. నేనూ అదే రాయబోయాను. రాసే ముందు ఆమెను అడిగితే, పైపులన్నీ వెతికించాను, ఏమీ దొరకలేదు, ఇక ఇళ్లే మిగిలాయి, పొద్దున నాతో రండి అన్నారు.

పటాన్‌చెరులో ఒక గల్లీలోకి మేము వెళ్లేసరికి నల్లా అప్పుడే వచ్చింది. ఒకావిడ సగానికి పైగా ఉన్న డ్రమ్మును మురుగు మోరీలోకి వంచుతోంది.

"మంచిగనే ఉన్నయి కదమ్మా, ఎందుకు పారబోస్తున్నరు?" అని విశాలాక్షి గారు అడిగారు.

"మొన్నటియి మేడం. కొత్తయి వస్తుంటె పాతయి ఎవరు తాగుతరు? మీరు తాగుతరా?"

గల్లీ చివరిదాకా నడిచాం. ఇంటింటా అదే. రోజూ నీళ్లొచ్చినప్పుడు ఎవరూ ఇంతగా పట్టిపెట్టుకోలేదు. కోత పెట్టాక భయంతో దొరికిన గిన్నెలన్నీ నింపుకున్నారు. మళ్లీ నల్లా రాగానే మిగిలినవన్నీ పారబోశారు.

కాఫీ తాగి వెళ్దురు గాని అంటూ విశాలాక్షి గారు నన్ను తమ ఇంటికి తీసుకెళ్లారు. వాళ్ల క్వార్టర్లకూ నీళ్లు వచ్చే రోజే అది. పెరట్లో వాళ్లమ్మగారు గంగాళం బోర్లించి తోముతున్నారు. కరివేపాకు మొక్క దాకా నేలంతా తడిసి ఉంది. విశాలాక్షి గారు గడపలోనే ఆగిపోయారు.

"అమ్మా, ఎన్నాళ్ల నుంచి ఇలా పోస్తున్నావు?"

"నీళ్లొచ్చినప్పుడల్లా. నిలవ నీళ్లు తాగించి పెంచానా నిన్ను? ఇంజనీరువయ్యావు, ఇదీ తెలీదా?" అని, పెద్దావిడ నా వైపు తిరిగి తాజా నీళ్లతో కాఫీ పెడతాను, కూర్చోండి బాబూ అన్నారు.

విశాలాక్షి గారు నవ్వారు. "వానను లెక్కేశాను, ఎండను లెక్కేశాను. మా అమ్మను లెక్కెయ్యలేదండీ" అన్నారు కాఫీ అందుకుంటూ. ఇది రాసుకోవచ్చా అని అడిగాను. "రాయండి. మా లెక్క తప్పిందని రాయండి. ఇళ్లలో ఆడవాళ్ల తప్పని మాత్రం రాయకండి." అలాగే రాశాను. పైవాళ్ల దగ్గర ఆమె చాలా మాటలు పడ్డారని తర్వాత తెలిసింది.

ఆ వారమే ఆమె పద్ధతి మార్చి, రోజూ కాసేపు నీళ్లు వదిలించారు. రోజూ వస్తాయన్న నమ్మకం కుదిరాక జనం దాచుకోవడం మానేశారు, పారబోయడమూ తగ్గింది. జలాశయం నిలదొక్కుకుంది. కానీ కాసేపే వదిలితే పైపు చివరి ఇళ్లకు నీళ్లు చేరేలోగానే కట్టేసే వేళ అయ్యేది. ఇంద్రేశం వైపు నుంచి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసుకు వచ్చారు.

"మా నల్లాల గాలొస్తుంది మేడం. గాలిని బిందెల పట్టుకొని ఏం జేసుకోవాలె?" అంది ఒకామె. అందరూ నవ్వారు, ఆ మాటన్న మనిషి తప్ప.

సర్దుకోండి అని అధికారులు చెప్పే మాట విశాలాక్షి గారు చెప్పలేదు. "నిజమే అక్కా. ఊరంతటికీ నీళ్లు మిగలాలని మీకు అన్యాయం చేసిన. ట్యాంకర్ పంపిస్త. గని అది సాలదు, నాకు తెలుసు."

సాలలేదు కూడా. వానలు వచ్చేదాకా ఊరు గట్టెక్కింది, ఆ చివరి వీధులు మాత్రం ట్యాంకర్ వెనక పరుగెత్తాయి. వాటికి వేరే పైపు వేయించాలని ఆమె రిటైరయ్యే దాకా తిరిగారు. పైపు పడలేదు. నిరుడు ఆమె పోయారు.

ఆ పెరడు చూశాక, ఏ పథకం గురించి రాయవలసి వచ్చినా ముందు ఏదో ఒక ఇంటికి వెళ్లి, అక్కడ ఏం మారిందో చూసి గాని రాయడానికి కూర్చోలేదు. పత్రిక మానేసినా ఆ అలవాటు పోలేదు. ఇవాళ కూడా లేచి వెళ్లి ఎదురింటి డ్రమ్ములోకి తొంగి చూశాను.

నేను ఇల్లు కట్టుకున్నది ఆ పైపు చివరనే. రోజూ కాసేపు వదిలిన ఏడాది మా నల్లాలో గాలి వస్తుంది. రోజు విడిచి రోజు వదిలితే నీళ్లొస్తాయి, మొన్నటివి వీధిలో పడతాయి. ఈ ఏడూ వానలు తక్కువేనంటున్నారు. ఎండలు ముదిరాక రెండింట్లో ఏది చేస్తారో ఆఫీసువాళ్లు ఇంకా చెప్పలేదు.