జవాబుకు అంటని మైల

పందొమ్మిదివందల అరవైల మొదట్లో మా నాయనకు కోవూరులో పజిలు మొనగాడని పేరు. వారపత్రికలో వచ్చే గళ్ళ పజిలుకు అన్నీ సరిగ్గా పంపినవాళ్ళ పేర్లు తర్వాతి సంచికలో అచ్చు వేసేవారు. నెలకొకసారి ఆయన పేరు ఉండి తీరేది. ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ హోటల్లో కనిపించిన ప్రతివాడి ముక్కు కిందా పెట్టేవాడు. "బుర్రుండాలప్పా, బుర్ర!" అని మీసం దువ్వుకునేవాడు. ఆ బుర్ర మా వదినదని ఇంట్లో అందరికీ తెలుసు.

నెలకొకసారే ఎందుకంటే, వదిన బయట చేరేది నెలకొకసారే గనక. మిగతా రోజుల్లో ఇంటి చాకిరీతో ఆమెకు ఊపిరాడేది కాదు. ఆ మూడు రోజులూ మాత్రం పెరటి పంచలో చాప మీద కూర్చునేది. వంటిల్లు తొక్కకూడదు. మల్లెచెట్టును తాకకూడదు, తాకితే మాడిపోతుందట. పత్రిక ముట్టుకుంటే మైల. అందుకని మా నాయన నడవాలో కుర్చీ వేసుకుని ఆధారాలు గట్టిగా చదివేవాడు, ఆమె అక్కడినుంచే జవాబులు చెప్పేది, ఈయన దర్జాగా గళ్ళు నింపుకునేవాడు. పత్రికకు అంటుకునే మైల జవాబుకు మాత్రం అంటదు! ఏం శాస్త్రమో, ఎవడు రాశాడో! పైగా పని కాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చేవాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

వదిన ఆయన్ని అడిగింది ఒక్కటే.

"మామా, ఒక్క తూరి నా పేరుతో పంపండి. అచ్చులో చూసుకోవాలని ఆశగా ఉండాది."

"ఇంటి కోడలి పేరు ఊరూరా తిరగాల్నా? గమ్మునుండు!"

ఆమె పుట్టింట్లో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. మా ఇంటికొచ్చాక ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళే లేరు. కోడలా, వదినా, ఏమే... అంతే.

ఆ తర్వాతి నెలలో వచ్చింది ఆ ఆధారం.

"అడ్డం ఏడు. పూలు కోసేది దీనికోసమే. రెండక్షరాలు."

పూలు కోయకూడదని పెరట్లో కూర్చోబెట్టిన మనిషిని, పూలెందుకు కోస్తారని అడుగుతున్నాడు. సిగ్గు లేకపోతే సరి.

"జడ, మామా," అంది వదిన.

"జడేంది? మన ఇంట్లో పూలు కోసేది పూజకి. ఆడోళ్ళకి ఎప్పుడూ జడల గోలే!"

"నిలువు ఏడు జలగ అని ఇందాక చెప్పినా గదా. అడ్డం ఏడు కూడా ఆ గడిలోనే మొదలు. జ తోనే రావాల."

"నాకు చెప్పొచ్చినావా?" అని గదిమాడు. జ కొట్టేసి పూ రాశాడు. జలగ కాస్తా పూలగ అయింది. రక్తం తాగే పూలగ! అట్లాంటి పురుగు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందని ఆయన ధీమా.

 నాయన వీధిలోకి పోగానే వదిన నన్ను పిలిచి ఒక పోస్టుకార్డు తెమ్మంది. గళ్ళు చూడకుండానే జవాబులన్నీ వరసగా రాసి, కింద తన పేరు, మా ఇంటిపేరు, ఊరు రాసింది. మర్నాడు బడికి పోతూ దాన్ని డబ్బాలో వేశాను. మా నాయన కార్డు కూడా నా చేతికే ఇచ్చాడు. మైలదీ మడిదీ ఒకే సంచిలో ఒకదాన్నొకటి ఆనుకుని మద్రాసు చేరాయి.

పేర్లు పడే సంచిక వచ్చినరోజు నాయన అలవాటు ప్రకారం అరుగు మీద ఇద్దరు రైతుల్ని కూర్చోబెట్టుకుని పేర్లు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో మా ఇంటిపేరు రాగానే గొంతు పెంచాడు. ఆ ఊపులో వదిన పేరు పూర్తిగా చదివేసి, అప్పుడు ఆగాడు.

"మీ కోడలు గదన్నా?" అన్నాడు ఒకాయన.

"ఆఁ... నేను చెప్తే రాసింది."

"మరి నీ పేరేదన్నా?"

"నాది పోస్టులో పోయినట్టుండాది."

థూ! అనిపించింది నాకు. కన్నతండ్రి అయితే మాత్రం!

తలుపు వెనక వదిన పిండి చేతులతో నిలబడి ఉంది. ఆ ఇంట్లో ఆమె తన పేరు విన్నది అదే మొదటిసారి, అదీ ఆయన నోటితోనే. ఆమె కళ్ళు నిండిపోయాయి. సాయంత్రం మల్లెమొగ్గలన్నీ తనే కోసి, మూర తక్కువ కాకుండా కట్టి, జడలో పెట్టుకుంది. దేవుడికి ఒక్క మొగ్గ కూడా మిగల్చలేదు. మా నాయన చూసీ చూడనట్టు వీధిలోకి పోయాడు.

మరుసటి నెల ఏమీ జరగనట్టే ఆయన నడవాలో కుర్చీ వేసుకున్నాడు.

"అడ్డం ఒకటి," అని చదివాడు.

"తెల్దు మామా."

"నిలువు రెండు."

"తెల్దు మామా."

"ఇది సులువే గదమ్మా, కొంచెం ఆలోచించు," అని బతిమాలాడు.

"తెల్దు మామా," అంది వదిన. తెల్దు అన్న ప్రతిసారీ మోకాలి మీది కార్డులో ఒక జవాబు రాసుకుంటోంది.