పాలిష్ మేస్త్రి పెద్దమనిషైన వైనం

ఆ ఊళ్లో నలుగురైదుగురు గొప్పవాళ్ల ఇళ్లకి వెళ్లి తలుపు మీద చెయ్యి వేస్తే, చెయ్యి తియ్యబుద్ధి కాదు. అంత నునుపు. ఆ నునుపంతా ఒక్క మనిషి చేతి చలవ. ఇరవై రెండేళ్లుగా ఉప్పు కాగితంతో చెక్కల్ని రుద్ది రుద్ది, లక్క పాలిష్ పూసి పూసి, చివరికి సొంత పేరు పోగొట్టుకుని 'పాలిష్ మేస్త్రి'గా మిగిలినవాడు. భార్య కూడా రేషన్ కార్డు చూస్తే తప్ప ఆయన పేరు గుర్తు తెచ్చుకునేది కాదు.

ఈయన పని చేసేది ఒక కాంట్రాక్టరు కింద. ఆ కాంట్రాక్టరు ఇంట్లో ఉన్నా, నీడలో ఉన్నా నల్ల కళ్లద్దాలు తీసేవాడు కాదు. మేస్త్రి నెల రోజులు నడుం విరగ్గొట్టుకుని పని ముగించాక, కాంట్రాక్టరు వచ్చి తలుపు పక్కన నిలబడి, "ఎలా ఉంది సార్ మన పనితనం?" అనేవాడు. ఆ ఇంటాయన ఆయనతో చెయ్యి కలిపేవాడు. మేస్త్రి అప్పటికి పెరటి కుళాయి దగ్గర డబ్బాలు కడుక్కుంటూ ఉండేవాడు. కళ్లద్దాలాయనకి టేకుకీ తుమ్మకీ తేడా తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా ఎన్నడూ రాలేదు.

చూసి చూసి మేస్త్రికి ఒళ్లు మండింది. ఒక్క పనైనా తన పేరు మీద చెయ్యాలనే పట్టుదల పుట్టింది. ఒక కొత్త బడి కడుతున్నారని తెలిసి తిన్నగా వెళ్లి పని అడిగాడు. ఆఫీసులో ఉన్న ఆవిడ కాగితాల మీంచి తలెత్తి, "మీ ఓనర్ని పంపించండి" అంది. "నేనేనండి ఓనర్ని" అన్నాడు. ఆవిడ ఈయన్ని కాలి గోటి నుంచి తల దాకా చూసింది. లక్క పట్టి ఇటుక రంగుకి తిరిగిన వేళ్ల దగ్గర కాసేపు ఆగింది. "సరేనండి, మీ ఓనర్ని పంపించండి" అంది మళ్లీ, చెవిటివాళ్లకి చెప్పినంత ఓపిగ్గా.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబుతుంటే, మేస్త్రి భార్య కుట్టు మిషను ఆపకుండానే వింది. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ తమ్ముడు మాత్రం కుర్చీ ముందుకు లాక్కున్నాడు. సూట్లు అమ్మే పెద్ద కొట్లో కొలతలు తీసే ఉద్యోగం అతనిది. అతను వేసుకున్న సూటు కొట్టువాళ్లదే. సాయంత్రం విప్పేసి అక్కడే తగిలించి రావాలి. అయినా రోజుకి పదిమంది డబ్బున్నవాళ్ల నడుముల చుట్టూ టేపు తిప్పుతాడు కనక, డబ్బు గురించి తనకి తెలియనిది లేదని అతని నమ్మకం.

"బావా, తప్పు నీ పనిలో లేదు, నీ వాలకంలో ఉంది. పనివాడిలా కనిపిస్తే పని చేయించుకుంటారు గానీ పని అప్పగిస్తారా?" అన్నాడు.

"మరేం చెయ్యమంటావురా?"

"పాత హోటలు బాగు చేయిస్తున్నారుగా. నలభై గదులు, నలభై టేకు తలుపులు. ఓనరు పెద్దాయన స్వయంగా మనుషుల్ని చూసి ఇస్తాట్ట. పది రోజులు టైముంది. నన్ను నమ్ము, నిన్ను పెద్దమనిషిని చేసి నిలబెడతా."

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందట" అంది అక్క, దారం కొరుకుతూ.

"అక్కా, నువ్వు ఊరుకో. వాత కూడా పద్ధతిగా పెట్టుకుంటే పులే అనుకుంటారు."

మర్నాటి నుంచి మేస్త్రిని మనిషిని చేసే కార్యక్రమం మొదలైంది. మంగలి దగ్గర కూర్చోబెడితే, ముఖం మీద స్ఫోటకం గుంటలకి లప్పం పెట్టినట్టు ఏదో తెల్లటి ముద్ద పూసి, ఆరబెట్టి, తుడిచాడు. మేస్త్రి అద్దంలో చూసుకుని, "ఒక చేతే వేశావేం? ఇంకో రెండు పూతలు పడాలి దీనికి" అని అడిగాడు. ఎంతైనా పని తెలిసినవాడు.

అసలు చిక్కు వేళ్ల దగ్గర వచ్చింది. నిమ్మకాయకి లొంగలేదు, సబ్బుకి లొంగలేదు, స్పిరిట్టుని చూసి నవ్వాయి. ఇరవై రెండేళ్ల లక్క మరి. మేస్త్రి రెండు రోజులు ఆలోచించి, అన్నిటికంటే నైసు ఉప్పు కాగితం తీసుకుని, అరుగు మీద కూర్చుని, వాటం చూసుకుని మరీ వేళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. భార్య చూసి కెవ్వుమంది.

"అవి వేళ్లండీ! బల్లకోళ్లు కాదు!"

"అడ్డంగా రుద్దితే కదా గీతలు పడేది? నిలువునే రుద్దుతున్నాగా" అన్నాడాయన శాంతంగా.

మూడు రోజులు అన్నం చెంచాతో తిన్నాడు గానీ, వేళ్లు మాత్రం పసిపిల్లాడి వేళ్లలా గులాబీ రంగుకి తిరిగాయి. బావమరిది మురిసిపోయాడు. చెంచాతో తినడం కూడా కలిసొచ్చిందన్నాడు. ఇక నడవడిక నేర్పించాడు. డబ్బున్నవాడు దేన్నీ ముట్టుకోడు, దేనికీ ఆశ్చర్యపోడు, ఇదీ అతని సూత్రం. రెండోది తేలిగ్గానే పట్టుబడింది, మేస్త్రిని ఆశ్చర్యపరిచే పనులు లోకం ఎప్పుడో మానేసింది. మొదటిది మాత్రం చచ్చినా రాలేదు. చెక్క కనిపిస్తే చాలు, ఆయన అరచెయ్యి దానంతటదే వెళ్లి తడిమేది. భార్య పక్కనే కూర్చుని, కుర్చీ మీద చెయ్యి పడినప్పుడల్లా కొలబద్దతో ఒకటి తగిలించేది. నక్క సామెత చెప్పిన మనిషే, మొగుడి పేరు మీద పని వస్తుందన్న ఆశ పుట్టాక, రాత్రికి రాత్రి బడిపంతులమ్మ అయిపోయింది.

చివరి రోజున బావమరిది కొట్టు నుంచి ఒక పాత కోటూ, ఒక జత బూట్లూ తెచ్చాడు. బూట్లు కొట్లో బొమ్మ కాళ్లకి తొడిగి వదిలేసినవి, కళ తప్పాయి. "పాలిష్ చేయించు బావా" అని చెప్పి వెళ్లాడు. పాలిష్ చేయించడమట, ఎవరికి చెబుతున్నాడు! మేస్త్రికి రోషం వచ్చింది. ఆ బూట్లకి వరసగా ఏడు చేతుల లక్క పాలిష్ వేశాడు. తెల్లారేసరికి అవి ఎలా ఉన్నాయంటే, వాటి ముందు నిలబడి గడ్డం గీసుకోవచ్చు. తోలుకి లక్క వెయ్యకూడదని చెప్పుల కొట్లో పిల్లల్ని అడిగినా చెప్పేవాళ్లే. మన మేస్త్రి మెరుపు సంగతిలో ఒకరిని అడుగుతాడా?

కాళ్లకి తొడుక్కుని ఒక అడుగు వేశాడు. చిటుక్కుమంది. ఎడమ బూటు మీద సన్నటి బీట తీసింది. ఇంకో అడుగు వేస్తే ఇంకో బీట. వేళ్ల దగ్గర పాదం వంగితే లక్క పెచ్చు లేచేలా ఉంది.

ఇక చేసేదేముంది! హోటలు మూడు అంతస్తుల మెట్లూ ఆయన పాదం వంచకుండా ఎక్కాడు. ఒక్కో మెట్టు మీద మొత్తం పాదం ఆనించి, ఆగి, ఊపిరి పీల్చి, తర్వాతి మెట్టుకి వెళ్లాడు. నిండుకుండ నెత్తిన పెట్టుకున్నవాడు కూడా అంత నెమ్మదిగా నడవడు. హోటలు పెద్దాయన పైన వరండాలోంచి ఇదంతా చూస్తున్నాడు. అంతకుముందు వచ్చిన ముగ్గురు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఒగరుస్తూ నిలబడ్డారు. ఈయనేమో రథం కదిలినట్టు వస్తున్నాడు. పెద్దాయనకి అక్కడే సగం నమ్మకం కుదిరింది.

గదిలో ఇద్దరి మధ్యా పెద్ద బల్ల ఉంది. దాని అంచున పాలిష్ ఉబ్బి ఉంది. తడిమీద పూసిన పని. మేస్త్రి అరచెయ్యి దురద పెట్టింది. ఎడమ చేత్తో కుడి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"తలుపులకి ఏ పాలిష్ అయితే మంచిదంటారు?" అని అడిగాడు పెద్దాయన.

దీని మీద మేస్త్రి సాయంత్రం దాకా మాట్లాడగలడు. కానీ బావమరిది నూరిపోసిన మాట అడ్డం వచ్చింది. "అవన్నీ మా వాళ్లు చూసుకుంటారండి" అన్నాడు.

"ఆఁ, అలా ఉండాలి! ఇందాక ఒకాయన వచ్చీ రాగానే నా బల్లంతా తడిమేశాడండీ, కూలివాడిలా. అలాంటివాడు నా హోటల్లో ఓ నెల తిరిగితే వచ్చేవాళ్లు ఏమనుకుంటారు? మీరు మాత్రం రోజూ వచ్చి నిలబడాలి. నా స్నేహితులొస్తూ ఉంటారు."

అలా పని దక్కింది. హోటలు ముందు బోర్డు పెట్టారు. 'చెక్క పాలిష్ పని' అని రాసి, దాని కింద మేస్త్రి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాశారు. మొదటి రోజు ఆయన ఆ బోర్డు ముందు నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాడు. సాయంత్రం భార్యని తీసుకొచ్చి చూపించాడు. ఆవిడ ఏ సామెతా చెప్పలేదు. కొంగుతో బోర్డు మీద దుమ్ము తుడిచింది. ఆ ఒక్కరోజూ ఆయనంత సుఖంగా ఉన్నవాడు ఆ వీధిలో లేడు.

నలుగురు పనివాళ్లని పెట్టాడు. కోటు తొడుక్కుని, జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. పనివాళ్లు మొదటి తలుపుని అడ్డంగా రుద్దారు. ఎండకుండానే మీద లక్క పూశారు. చూస్తుంటే సొంత వీపు మీద రుద్దుతున్నట్టు ఉంది మేస్త్రికి. ఆగలేక, "నిలువుగా రుద్దాలి కదయ్యా" అన్నాడు.

పనివాళ్లలో పెద్దవాడు నవ్వాడు. ఆ కోటునీ, ఆ గులాబీ వేళ్లనీ చూశాడు. "ఇది చెక్క పని సార్. మీలాంటివాళ్లకి చెప్పినా అర్థం కాదు. మీరలా కూర్చోండి, దుమ్ము పడుద్ది."

మేస్త్రి నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్లు నాలుక చివరి దాకా వచ్చాయి. ఆ గుడ్డ ఇలా ఇవ్వరా అని లాక్కుని చూపిస్తే సరిపోయేది. సరిగ్గా అప్పుడే పెద్దాయన ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వస్తున్నాడు. "ఓహో, అలాగా" అన్నాడు మేస్త్రి, కుర్చీలో కూర్చుంటూ. ఆయన్ని చూస్తే నాకు జాలీ వేస్తుంది, ఒక్కటిచ్చుకోవాలనీ అనిపిస్తుంది.

మూడు తలుపులు అలాగే తయారయ్యాయి. నాలుగో రోజున పెద్దాయన వాటి ముందు నిలబడి పెదవి విరిచాడు. "మీరు పెద్దమనిషని ఇచ్చాను. వచ్చే వారంలోగా పని తీరు మారకపోతే బోర్డు మార్చేస్తాను. ఆ నల్ల కళ్లద్దాల కాంట్రాక్టరు పని తనకిమ్మని రోజూ ఫోన్ చేస్తున్నాడు" అన్నాడు.

మేస్త్రి ఇంటికి వెళ్లి భార్యకి ఈ మాట చెప్పలేదు. చెప్పే ముఖం లేకపోయింది. ఆవిడ ఇరుగుపొరుగుల్ని వరసపెట్టి తీసుకెళ్లి బోర్డు చూపిస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం పనివాళ్లు భోజనానికి కిందికి దిగగానే, ఆయన అటూ ఇటూ చూసి, కోటు విప్పి మేకుకి తగిలించాడు. చొక్కా విప్పాడు. బూట్లు విప్పాడు. బనీను మీద నాలుగో తలుపు ముందు గొంతుకూర్చుని ఉప్పు కాగితం తీశాడు. చెక్క మీద చెయ్యి పడేసరికి ప్రాణం లేచి వచ్చింది. మూడు రోజులు, మూడు భోజనాల వేళలు, ముప్పావు గంట చొప్పున అలా దొంగతనంగా పని చేశాడు. మూడో రోజు చివరి చెయ్యి వేస్తుండగా వెనక అడుగుల చప్పుడు వినిపించింది. పెద్దాయన.

పరిగెత్తడానికి దారి లేదు. మేస్త్రి తల తలుపులోకి దూర్చేసినంత పని చేసి రుద్దుతూనే ఉన్నాడు.

పెద్దాయన వంగి తలుపుని చూశాడు. అందులో ఇద్దరి ముఖాలూ పక్కపక్కన స్పష్టంగా కనిపిస్తున్నాయి. పెద్దాయన తన ముఖం చూసుకుని, చెదిరిన జుట్టు సవరించుకున్నాడు. బనీను వేసుకున్న మనిషికి ముఖం కూడా ఉంటుందని ఆయనకి తట్టలేదు.

"ఇది నువ్వే చేశావా?"

"అవునండి."

"ఇదయ్యా పనంటే! నా జన్మలో ఇలాంటి పని చూళ్లేదు. ఏడీ మీ కాంట్రాక్టరు?"

"భోజనానికెళ్లారండి."

"రాగానే చెప్పు. మిగతా తలుపులన్నీ నీచేతే చేయించమన్నానని చెప్పు. ఆయనకి ఇవేం తెలుస్తాయి పాపం, పెద్దమనిషి."

"చెప్తానండి."

పెద్దాయన వెళ్లిపోయాడు. మేస్త్రి గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇరవై రెండేళ్లలో ఆయన పనిని ఆయన ఎదుటే మెచ్చుకున్న మొదటి మనిషి పెద్దాయనే. కళ్లు చెమర్చాయి. వెంటనే పిలిచి, ఆ బోర్డు మీది పేరు నాదేనండీ అని చెప్పాలనిపించింది. చెబితే మెచ్చుకోలు నిలుస్తుంది, బోర్డు నిలవదు.

కింద పనివాళ్లు చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. గబగబా చొక్కా తొడుక్కున్నాడు, కోటు వేసుకున్నాడు. వేళ్లకి మళ్లీ లక్క అంటింది, చేతులు జేబుల్లో దాచుకున్నాడు. పెద్ద పనివాడు పైకొచ్చి, నాలుగో తలుపు చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఎవరు చేశారు సార్ ఇది?"

"ఉన్నాడులే, మాకో మేస్త్రి" అన్నాడు ఆయన. "పాపం, మూడు రోజుల్నించి మధ్యాహ్నం తిండి కూడా లేదు వాడికి."

పనివాళ్లు పాడుచేసినవీ కలుపుకుంటే, ఇంకా ముప్పై తొమ్మిది తలుపులు ఉన్నాయి.