కాలువ గట్టున లేని మఠం

మొన్న శనివారం పొద్దున్న మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మా ఆడవాళ్ళ బృందంతో వాగు పక్కన నడుస్తుంటే, కొత్తగా పెళ్ళయి వరంగల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, దారికవతల గడ్డిలో సగం కూలిన నల్లరాతి గోడను చూపించి, "ఆంటీ, గదేంది? ఓల్డ్ చర్చ్ లెక్క ఉంది, మీకేమన్నా ఐడియా ఉందా?" అని అడిగింది. నేను క్షణమైనా ఆలోచించకుండా, అది మఠమమ్మా, వెనకటికి సన్యాసులు ఉండేవారు అనేశాను. అందరూ నమ్మేశారు, ఒకామె ఫోటో కూడా తీసుకుంది. పది అడుగులు వేశాక గానీ నాకు తట్టలేదు, ఈ చుట్టుపక్కల సన్యాసులెవరూ ఉన్న దాఖలా లేదని, అది ఏ గొర్రెల కొట్టం గోడో అయ్యుంటుందని. వెనక్కి తిరిగి సరిదిద్దుదామంటే నోరు రాలేదు. వయసు మీదపడి నాకూ మతి తప్పుతోందా అన్న బెంగ ఒకపక్క, ఆ మఠం నా నోట్లోకి ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలిసి వచ్చిన నవ్వు ఒకపక్క, ఆ రోజంతా అదే అయోమయంలో గడిచింది.

ఎనభైలలో ఈ దేశానికి చదువుకోడానికి రావడమంటే ఎలా ఉండేదో నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇప్పటి పిల్లల్లాగా విమానం దిగగానే ట్రుగనీనాలో తెలిసినవాళ్ళింట్లో పప్పన్నం తిని మర్నాడు యూనివర్సిటీకి వెళ్ళడం కాదు. ఇంటికి ఫోన్ కలిస్తే అదే పండగ, తెలుగు మాట వినాలంటే మనలో మనం గొణుక్కోవాల్సిందే. నేను మట్టి గురించి చదవడానికి మెల్‌బోర్న్‌కి ఉత్తరాన, రైలు దిగి మళ్ళీ బస్సెక్కి వెళ్ళాల్సిన ఒక చిన్న ఊరి వ్యవసాయ కళాశాలలో చేరాను. గోదావరి కాలువల మధ్య పుట్టి, మట్టి చూడ్డానికి సముద్రాలు దాటాలా అని మా మేనమామ వేళాకోళం చేశాడు. ఆడపిల్ల ఒంటరిగా హాస్టల్లో ఎందుకని మా చర్చి పెద్దలు అక్కడి చర్చివాళ్ళతో మాట్లాడి, ఒక పెద్దావిడ ఇంట్లో నాకు గది ఇప్పించారు.

ఆవిడ ఇంగ్లండు పల్లెటూళ్ళో పుట్టి, పెళ్ళయిన కొత్తలో భర్తతో ఓడెక్కి వచ్చేసిన మనిషి. భర్త పోయాడు, ఒక్కతే కూతురు బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ దగ్గర కాపురం ఉంటోంది. నేను ఆంటీ అని పిలిచేదాన్ని. ఆదివారం ఆరాధన అయిపోయి, వేయించిన మాంసం, ఉడికించిన బంగాళాదుంపలు తిన్నాక, గొడుగంత టోపీ పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేది. ఊరి చివర పొలాలకు నీళ్ళిచ్చే కాలువ ఒకటి ఉండేది. గట్టు పొడుగునా జామాయిల్ చెట్లు, మధ్యమధ్యలో తూములు, పాతకాలపు కట్టడాలు ఒకటీ అరా. ఆ నీళ్ళు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది గానీ, అవి సముద్రం వైపు కాకుండా దేశం లోపలికి పోతుంటే మొదటి రోజే తల తిరిగింది. కాలువ ఎటు పోతే సముద్రం అటే అని చిన్నప్పటి నుంచీ నా లెక్క.

నడుస్తూ ఆవిడ ఆ ప్రాంతపు చరిత్రంతా చెప్పేది. కమాను కిటికీలున్న ఆ ఇటుక కట్టడం పాత మఠమట, రాజుగారు సన్యాసుల్ని వెళ్ళగొట్టాక పైకప్పు ఊడిపోయిందట. ఆ మలుపు తిరిగితే లాకులు, లాకుల కాపరి ఇంటి ముందు గులాబీలు, ఆ దిబ్బ మీద ఒకప్పుడు కోట. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏదైనా చెబుతుంటే పిల్లలు ఊ కొట్టాలి, అడ్డు ప్రశ్నలు వెయ్యకూడదు, ఊ ఆగిపోతే నిద్రపోయావా అని గదమాయిస్తారు. ఆ అలవాటు కొద్దీ నేను ఆవిడ ప్రతి మాటకీ ఊ కొట్టేదాన్ని. మొదట్లో వింతగా చూసింది, తర్వాత్తర్వాత నా ఊ లేనిదే ఆవిడ కథ ముందుకు నడిచేది కాదు. పైకప్పు ఊడిన మఠానికి రేకులెందుకున్నాయని గానీ, గులాబీలు ఏవని గానీ నాకు తోచనే లేదు. దేశమే కొత్త, నాకేం తెలుసు?

నాకూ నోరు ఊరుకోదు కదా, మా కాలువ కబుర్లు మొదలుపెట్టాను. మా వైపు పడవలకు తాడు కట్టి గట్టు మీద నుంచి మనుషులు లాక్కుపోయేవారంటే, వాళ్ళ ఊళ్ళో గుర్రాలు లాగేవని ఆవిడ సంబరపడిపోయింది. ఇనుప వంతెన పక్కన ధాన్యం గిడ్డంగి ఒకటుండేది, దాన్ని చూపించి ఇది మా మేనమామ రైసుమిల్లు, దీని వెనక సందులోనే మా ఇల్లు, ఈపాటికి మా అమ్మ అన్నం వార్చి ఎదురుచూస్తుంటుంది అని నేననేదాన్ని. అప్పుడావిడ ఊ కొట్టేది. అలా అంటున్నప్పుడు నాకు ఒక్కోసారి ఏడుపు ఆగేది కాదు, ఆవిడ కొంగులాంటి పెద్ద రుమాలు తీసి ఇచ్చేది.

ఒకరోజు తరగతిలో మాస్టారు, పరీక్షించడానికి మట్టి ఎక్కడి నుంచి తెచ్చావని అడిగితే, మఠం వెనక నుంచి అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వు ఆపుకుని, అది నీళ్ళు తోడే పంపుహౌసని, ఆ ఊరికి సన్యాసులెవరూ ఏనాడూ రాలేదని చెప్పారు. నేను నమ్మలేదు. పట్నం మాస్టారు, ఈయనకేం తెలుసు, పెద్దావిడ చెబితే తప్పుంటుందా అనుకున్నాను. దారిలో రొట్టెల కొట్టువాణ్ణి అడిగాను, చర్చిలో పియానో వాయించే ఆవిణ్ణి అడిగాను. ఇద్దరూ మాస్టారి మాటే చెప్పారు. అప్పుడు నేను తల పట్టుకున్నాను. ఆ ఊళ్ళో నాకు తెలిసిన దారులు, గుర్తులు అన్నీ ఆవిడ నేర్పినవే, అవన్నీ తీసేస్తే నేను ఎక్కడున్నట్టు?

ఆ సాయంత్రం టీ తాగుతూ మెల్లగా అడిగాను. ఆవిడ కప్పు కింద పెట్టింది. అవన్నీ మా ఊళ్ళోవి, ఇక్కడివి కావని నాకు ఒక్కోరోజు తెలుస్తుంది, ఒక్కోరోజు తెలియదు, అమ్మాయీ, అంది. మా అమ్మాయికి మాత్రం చెప్పకు, తెలిస్తే నన్నీ ఇంట్లో ఉండనివ్వదు, నేను ఇక్కణ్ణుంచి కదిలితే బతకను, అంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి నాకు ఊ కొట్టడం చేతకాలేదు. కొడితే ఆవిణ్ణి ఆ భ్రమలోకి ఇంకా తోసినట్టు, మానేస్తే మొహం మీద తలుపు వేసినట్టు ఉండేది. అయినా కొడుతూనే ఉన్నాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

ఈస్టరుకి కూతురొచ్చింది. చెడ్డ మనిషి కాదు. ఫోన్‌లో తల్లి మాటలు తేడాగా ఉన్నాయని భయపడి, తన దగ్గరికి తీసుకుపోదామా, వద్దా అని తేల్చుకోడానికి వచ్చింది. మాతోపాటు నడకకి బయల్దేరింది. మఠం మాట రాకుండా ఉంటే బాగుండునని లోపలే ప్రార్థన చేసుకున్నాను. పంపుహౌసు దగ్గర ఆ కూతురు ఆగి, ఇదేమిటమ్మా అని అడిగింది, పరీక్ష పెట్టినట్టుగానే. తల్లి మొహం విప్పారింది, మఠం అంది. కూతురు నా వంక తిరిగింది. నేను గబుక్కున, మఠమే మరి, ఇనుప వంతెన దాకా రండి, మా మేనమామ రైసుమిల్లు కూడా చూపిస్తాను అన్నాను. ఆమె ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వింది, ఇదేదో మా ఇద్దరి ఆట అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. రెండు రోజులుండి, తల్లిని నాకు అప్పజెప్పి వెళ్ళిపోయింది. నేను చెప్పింది అబద్ధమా అంటే కాదు, మేమిద్దరం ఎప్పుడూ అలాగే అనుకునేవాళ్ళం. నిజమా అంటే, అదీ చెప్పలేను.

గోధుమ కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, మనిషి లేదు. కాలువ గట్టు వెంట పరుగెత్తాను. ఎండ మాడ్చేస్తోంది. పంపుహౌసు దగ్గర లేదు, ఆవిడ లాకులనే తూముల దగ్గర లేదు. ఇనుప వంతెన దగ్గర, తూములు చూసుకునే ఉద్యోగి, మన వైపు లస్కరు లాంటివాడు, తన బండి నీడలో ఆవిణ్ణి కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తున్నాడు. ఆవిడ ఒళ్ళో కేకు డబ్బా ఒకటి ఉంది. అతను నన్ను చూసి బుర్ర గోక్కుంటూ, ఈవిడ ఏదో బియ్యం మిల్లు ఎంత దూరమని అడుగుతోంది, ఇక్కడ అలాంటిది లేదంటే ఒప్పుకోవడం లేదు అన్నాడు.

నేను ఆవిడ పక్కన కూలబడి, ఆంటీ అన్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో దారిన పోయే పిల్లనుకుని మర్యాదగా నవ్వి, చెప్పడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఒక అమ్మాయి ఉంటుంది, చాలా దూరం నుంచి వచ్చింది, పాపం ఇంటి మీద బెంగతో ఏడుస్తుంది, వాళ్ళమ్మ ఈ మిల్లు వెనకే ఉంటుంది, అన్నం వండుకుని ఎదురుచూస్తుంటుంది, నీ కూతురు బాగానే ఉందమ్మా అని ఒక మాట చెప్పి వద్దామని బయల్దేరాను, అంది. సొంత ఊరి మఠానికి కాదు, లాకులకీ కాదు, మా ఇంటికి బయల్దేరింది ఆవిడ. నేను ఊ కొట్టాను.

వారం తిరక్కుండా, సంగతి తెలిసి కూతురొచ్చి ఆవిణ్ణి సన్నీబ్యాంక్ తీసుకుపోయింది. నన్ను ఒక్క మాటా అనలేదు, కావలించుకుంది కూడా. కదిలితే బతకనన్న మనిషి అక్కడ రెండు చలికాలాలు బతికింది.

ఆమధ్య మా అమ్మాయి అటువైపు కారులో తీసుకెళ్ళింది. కాలువ లేదు. నీళ్ళు భూమిలో గొట్టాల గుండా పోతున్నాయట, గట్టు చదును చేసి కంచె వేశారు, పంపుహౌసులో కాఫీలమ్ముతున్నారు. "ఇక్కడ నడవడానికి ఏముందమ్మా, నథింగ్ హియర్," అంది మా అమ్మాయి, ఫోన్‌లో మ్యాప్ చూసి. నిజమే, మ్యాప్‌లో ఏమీ లేదు. ఇప్పుడెవరమూ దారి తప్పం, ఎక్కడున్నామో అరచేతిలోనే కనిపిస్తుంది. కానీ ముక్కూమొహం తెలియని ఒక తల్లికి కబురు చెప్పాలని, ఉందో లేదో తెలియని ఇంటికి కాలినడకన బయల్దేరే మనుషులు మళ్ళీ నాకు తగల్లేదు.

చదువు ముగించుకుని ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా మా అమ్మకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, మఠం దగ్గర కూడా నవ్వలేదు. ఆఖర్న ఒక్కటే అడిగింది, అంత దూరం మనింటికని బయల్దేరిన మనిషిని, అన్నమైనా పెట్టకుండా వెనక్కి పంపేశారా అని. అదేం ప్రశ్న అమ్మా అని విసుక్కోబోయి ఆగిపోయాను.