మిగిలిపోయే బోల్టు

మా బావ తన పాత డీజిలు కారును విప్పి బిగించిన ప్రతిసారీ ఒక బోల్టు మిగిలిపోతుంది. రెండు మిగలవు, ఆ ఒక్కటీ మిగలకుండానూ ఉండదు.

బావ దర్జీ. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నా ఒక్క గుండీ పోగొట్టిన పాపాన పోలేదు. ఆయన కారు ఆయన చిన్నకూతురికంటే రెండేళ్లు పెద్దది. దాని మీద పరాయి చెయ్యి పడనివ్వడు. ఆయిలు మార్చాలన్నా, ఫిల్టరు మార్చాలన్నా మెడలో టేపు తీయకుండానే కారు కిందికి దూరతాడు.

వీధి చివరి మెకానిక్కు అటుగా పోతూ, "దర్జీగారూ, ఇవాళ దేనికి కాజాలు కుడుతున్నారు?" అని పలకరిస్తాడు.

"నీ షెడ్డుకి పరదా కుట్టాలా? లోపల నువ్వు చేసేది జనం చూడకుండా ఉంటుంది" అంటాడు బావ, కారు కిందినుంచే.

ఇక నా సంగతి. చదివింది పల్లెటూరి బళ్లో ఐదో తరగతి. అయితేనేం, ముప్పై ఎనిమిదేళ్లు లారీ నడిపాను. ఒక్కసారి కూడా బోల్తా కొట్టలేదు. ఇంజను దగ్గితే ఏ సిలిండరు దగ్గిందో సీట్లో కూర్చునే చెప్పేవాణ్ణి. కళ్లు మసకబారి లైసెన్సు బీరువాలోకి చేరాక నన్నెవరూ ఏమీ అడగడం మానేశారు. ఆదివారం మాత్రం బావ ఫోను చేస్తాడు.

"ఒరే, బోల్టు మిగిలింది. ఎక్కడిదో తెలియక చస్తున్నాను, రా."

వెళ్లి, బోల్టును వేళ్లతో తడిమి, "ఆల్టర్నేటరుది బావా. కళ్లు నీకున్నాయి, చూపు నాకుంది" అంటాను.

"నువ్వు లేకపోతే ఈ బండి ఎప్పుడో పాత ఇనుము కొట్టుకి పోయేదిరా" అంటాడు.

ఒకసారి డీజిలు ఫిల్టరు మార్చాడు. బండి గురక పెడుతుందే గాని లేవదు.

"లైనులో గాలి తీశావా?"

"గాలా? టైర్లలోనా?" అన్నాడు అమాయకంగా.

చేతిపంపు నొక్కి నొక్కి, డీజిలు పైపులో బుడగలు పోయేదాకా గాలి తీశాను. బండి అందుకుంది. ఆ కథ పదకొండుసార్లు చెప్పాను. పన్నెండోసారి బావే అడిగి చెప్పించుకున్నాడు.

పోయిన నెల నాకు కళ్ల ఆపరేషనైంది. ఇరవై రోజులు వంగకూడదన్నారు. నా బెంగ కళ్ల గురించి కాదు, బావ చేతిలో ఆ బండి ఏమైపోతుందోనని. ఆ గడువు తీరాక వచ్చిన ఆదివారం, ఫోను రాకముందే వెళ్లాను. అక్క తలుపు తీసింది.

"బండి నడుస్తోందా అక్కా?"

"నడవకేం? నువ్వు మంచం మీద ఉండగా ఫిల్టర్లు మార్చారు, హీటరు ప్లగ్గులు మార్చారు. పెళ్లిబట్టలు ఇవ్వడానికి పక్క ఊరికి మూడుసార్లు వెళ్లొచ్చారు."

"మరి గాలి ఎవరు తీశారు?"

"ఆయనే. ఎప్పుడూ ఆయనేగా."

"బోల్టు మిగల్లేదా?"

అక్క నన్ను జాలిగా చూసింది. "నువ్వు రానప్పుడు ఎందుకు మిగులుతుందిరా?"

ఇంతలో వాకిట్లోంచి బావ కేక. నా గొంతు విన్నట్టున్నాడు.

"ఒరే, వచ్చావా? ఒకటి మిగిలింది, చూడు."

కొత్త చూపుకు బోల్టు తళతళలాడుతోంది. ఎక్కడిదో చూడగానే తెలిసింది. అయినా కళ్లు మూసుకుని తడిమాను.

"ఇది చిక్కుదే బావా. తేల్చేసరికి పొద్దు పోయేలా ఉంది."

"పోనీలే. కూర్చో" అన్నాడు సంబరంగా.

సాయంత్రం వచ్చేసేటప్పుడు ఆయన అటు తిరగగానే, ఎయిర్ ఫిల్టరు మూత నట్టు ఒకటి తీసి జేబులో వేసుకున్నాను. వచ్చే ఆదివారం నిజంగానే వెతుక్కోనీ.