కొత్త కాని మామిడి

అరకు దగ్గర సినిమా షూటింగులో నాతోపాటు జనంలో కూర్చున్న ముసలమ్మ గుర్తొస్తూ ఉంటుంది. తెరమీద తన మొహం మనవరాలికి చూపించాలని వచ్చింది. ప్రతి షాట్‌కీ కొప్పు సర్దుకునేది.

మధ్యాహ్నం ముందు వరసలో ఉన్న మాకు తలో మామిడిపండు ఇచ్చి కొరకమన్నారు. ఆమె కొరకలేదు.

"మామిడి కొత్త పండగ అవ్వనేదు బాబూ. దేవతకి పెట్టకుండా మేం తినం."

"ఇది నటనేనమ్మా!" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

"నటనైనా నోరు నాదే కదేటి?"

ఆమెను వెనక వరసలోకి పంపారు. అక్కడ మొహం కనబడదు. అయినా ప్రతి షాట్‌కీ కొప్పు సర్దుకుంటూనే ఉంది. నేను కొరికాను. సినిమాలో ఉన్నాను.

సాయంత్రం వ్యాన్‌లో పక్కన కూర్చుని అడిగింది.

"పండెలాగుంది బాబూ?"

"పులుపమ్మా."

"కొత్త సెయ్యకుండా తింటే పులుపుండదేటి మరి?" అంది జాలిగా.